మట్టి దారిలో ట్రాక్షన్ కంట్రోల్, ఏబీఎస్ ఆపాలా? వైజాగ్ బండివాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

ఎస్.కోటలో టీకి ఆగితే చాలు, పక్క బండివాళ్లు ఎవరో ఒకరు అడుగుతారు: "అన్నా, పైన బురదగా ఉందట, ఆ స్కిడ్ బటన్ ఆపెయ్యాలా?" నిలబడి చెప్పే జవాబు ఎప్పుడూ సగంలోనే ఆగిపోతుంది, ఈలోగా టీ చల్లారిపోతుంది. అందుకే తీరిగ్గా ఇక్కడ రాస్తున్నాను. నేను మెకానిక్‌ని కాను. వారాంతాల్లో అరకు, పాడేరు వైపు మట్టి దార్లు పట్టే మామూలు మనిషిని. కొన్ని సంగతులు బండి పుస్తకం చదివి నేర్చుకున్నాను, కొన్ని బండి దిగబడ్డాక నేర్చుకున్నాను.

ఒక్క ముక్కలో చెప్పండి. ఆపాలా, వద్దా?

కారయితే, మెత్తటి ఇసుకలో, లోతు బురదలో ట్రాక్షన్ కంట్రోల్ (ఖాళీగా తిరిగే చక్రాన్ని ఆపేది) ఆపండి. రాళ్లు, గోతులు ఉండి ఒక చక్రం గాలిలోకి లేచే దారి అయితే ఉంచండి. బ్రేక్ నొక్కితే చక్రం బిగుసుకోకుండా చూసే ఏబీఎస్ జోలికి పోకండి. బైకయితే మట్టి దిగుడులో వెనక చక్రం ఏబీఎస్ ఆపండి, ముందుది ఉంచండి. తారు రోడ్డు ఎక్కే ముందు అన్నీ తిరిగి ఆన్ చెయ్యండి.

తొందరగా బయలుదేరాల్సినవాళ్లకి ఇది చాలు. ఎందుకో తెలుసుకోవాలనుకుంటే కిందికి రండి.

ట్రాక్షన్ కంట్రోల్, ఏబీఎస్, ఈఎస్‌పీ అన్నీ ఒకటేనా?

సామాను దాదాపు ఒకటే, పనులు వేరు. ప్రతి చక్రం దగ్గరా అది ఎంత వేగంగా తిరుగుతోందో చూసే సెన్సర్ ఉంటుంది. బానెట్ కింద ఒక పెట్టెలో పంపు, వాల్వులు ఉంటాయి. ఏ చక్రానికి ఎంత బ్రేక్ పడాలో విడివిడిగా చూసుకునేది ఆ పెట్టే.

మీరు బ్రేక్ నొక్కినప్పుడు చక్రం తిరగడం మానేసి ఈడ్చుకుపోతుంటే, ఏబీఎస్ ఆ చక్రానికి బ్రేక్ వదిలి, మళ్లీ పట్టి, మళ్లీ వదులుతుంది. ఇదంతా సెకనులో చాలాసార్లు జరుగుతుంది. పెడల్ కింద గడగడమనేది అదే. ట్రాక్షన్ కంట్రోల్‌ది దీనికి తిరగేసిన పని. మీరు రేస్ ఇచ్చినప్పుడు చక్రం పట్టు తప్పి ఖాళీగా తిరుగుతుంటే దాన్ని ఆపుతుంది. ఈఎస్‌పీ ఇంకో మెట్టు పైది. మీరు స్టీరింగ్ తిప్పిన వైపుకి కాకుండా బండి వేరే వైపు జారుతుంటే, ఏదో ఒక చక్రానికి బ్రేక్ వేసి దారిలోకి తెస్తుంది.

బాష్ కంపెనీ ఏబీఎస్ 1978లో మెర్సిడెస్ ఎస్-క్లాస్‌లో వచ్చింది, ఈఎస్‌పీ 1995లో. రెండూ రోడ్డు మీద వేగంగా పోయే కార్ల కోసం పుట్టినవి. మన అనంతగిరి దగ్గర కాఫీ తోటల మధ్య ఎర్రమట్టి బాట అప్పట్లో వాళ్ల మనసులో ఉండి ఉండదు. సాఫ్ట్‌వేర్ తర్వాత చాలా మారిందనుకోండి, అయినా పుట్టుక బుద్ధి కొంత మిగిలే ఉంది.

ఒక్క సంగతి గట్టిగా గుర్తుపెట్టుకోండి. చక్రం ఖాళీగా తిరుగుతుంటే ట్రాక్షన్ కంట్రోల్ చేతిలో రెండు ఆయుధాలున్నాయి. ఒకటి, ఆ చక్రానికి బ్రేక్ వెయ్యడం. రెండు, ఇంజన్ పవర్ తగ్గించడం. మట్టి దారిలో మొదటిది మనకి చుట్టం, రెండోది చాలాసార్లు శత్రువు. మిగతా జవాబులన్నీ ఈ ముక్క చుట్టూనే తిరుగుతాయి.

ఇసుకలో ట్రాక్షన్ కంట్రోల్ ఎందుకు అడ్డుపడుతుంది?

నాకు ఇది నేర్పింది భీమిలి అవతల ఒక సరుగుడు తోట. స్నేహితుడి బంధువుల తోటలో మధ్యాహ్నం భోజనం. రోడ్డు నుంచి పాక దాకా ఓ రెండొందల మీటర్ల ఇసుక బాట. తెలిసిన చోటే కదా అని మామూలుగా పోనిచ్చాను. సగం దూరం వెళ్లాక బండి బరువెక్కినట్టయింది. ఇంకాస్త రేస్ ఇచ్చాను. డాష్‌బోర్డు మీద ఆ జారే కారు బొమ్మ టపటపా కొట్టుకుంది. నేను పెడల్ పూర్తిగా తొక్కుతున్నా ఇంజన్ గొంతు మాత్రం దిగిపోతోంది. చివరికి బండి నిట్టూర్చినట్టు ఆగిపోయింది.

జరిగింది ఇది. ఇసుక మీద బండి వెళ్లాలంటే ఊపు ఉండాలి. చక్రం కొంచెం ఎక్కువ తిరిగి, ముందున్న ఇసుకని వెనక్కి తోసుకుంటూ పైకి తేలుతూ పోవాలి. ఆ కొంచెం ఎక్కువ తిరగడాన్నే ట్రాక్షన్ కంట్రోల్ తప్పు అనుకుంది. పట్టు పోయిందని పవర్ కోసేసింది. ఊపు పోయింది, బండి దిగబడింది. ఇలాంటి చోట ముందే ఆపెయ్యాలి. దిగబడ్డాక ఆపితే సగం లాభమే.

ఆ రోజు నేను అక్కడితో ఆగలేదు. బటన్ ఆపి, కోపంగా రేస్ ఇచ్చాను. ఈసారి చక్రాలు బ్రహ్మాండంగా తిరిగాయి, కిందికి. రెండు నిమిషాల్లో బండి పొట్ట ఇసుకకి ఆనుకుంది. అప్పటిదాకా చెట్టు కింద కూర్చుని చూస్తున్న పెద్దాయన లేచి వచ్చి, "ఏటి బాబూ, అలా తవ్వుతావేటి? గాలి తీసీండి, బండి దానంతటదే పైకొచ్చీస్తాది" అన్నాడు. నేను ఆయన మాట సగమే విన్నాను. గాలి తీశాం కానీ, నేను తవ్విన గోతిలోంచి ట్రాక్టర్‌తోనే లాగించాల్సి వచ్చింది.

ఆయన చెప్పింది బటన్ కన్నా పెద్ద సంగతి. తలుపు పక్కన స్టిక్కర్ మీద 30 పీఎస్‌ఐ చిల్లర రాసి ఉన్న టైర్‌ని ఇసుకలో 18, 20 దాకా దించితే టైరు పరుచుకుని, ఆనే జాగా పెరుగుతుంది. 15 కన్నా దించకండి, మలుపులో టైరు రిమ్ము వదిలెయ్యొచ్చు. గాలి తగ్గించిన టైర్లతో మెల్లగా పోవాలి, తారు రోడ్డు ఎక్కగానే గాలి నింపాలి. సిగరెట్ లైటర్‌కి తగిలించే చిన్న గాలి మిషన్ ఒకటి డిక్కీలో పడేసుకోండి.

బురదలో కూడా ఆపెయ్యాలా?

లోతుని బట్టి. టైరు మొత్తం కూరుకునేంత బురద అయితే ఆపండి. టైరు తిరుగుతూ ఉంటేనే దాని గాడుల్లో ఇరుక్కున్న మట్టి ఎగిరిపోయి రబ్బరు మళ్లీ నేలని పడుతుంది. పవర్ కోసేస్తే టైరు నున్నగా మట్టి పూసుకుని గుండ్రాయిలా అయిపోతుంది. గట్టి నేల మీద పైపైన తడి ఉండే జారుడు మట్టి అయితే మాత్రం ఉంచండి. మన వైపు ఎర్రమట్టి దార్లు ఒక్క వానకే సబ్బు పూసినట్టవుతాయి. అక్కడ ట్రాక్షన్ కంట్రోల్ ఆపి రేస్ ఇస్తే బండి వెనక భాగం పక్క కాలవ వైపు చూస్తుంది.

రాళ్ల దారిలో, గోతుల్లో ఎందుకు ఉంచమంటున్నారు?

బొర్రా దగ్గర్నుంచి కటికి జలపాతం వైపు జీపుల్లో వెళ్లినవాళ్లకి ఆ దారి నడుము గుర్తుంచుకునే ఉంటుంది. అలాంటి చోట ముందు కుడి చక్రం ఒక రాయి మీద, వెనక ఎడమ చక్రం ఇంకో రాయి మీద ఉంటాయి. మిగతా రెండూ గాలిలో వేలాడుతుంటాయి.

ఇంజన్ బలాన్ని ఎడమ, కుడి చక్రాలకి పంచే గేర్లని డిఫరెన్షియల్ అంటారు. మామూలు డిఫరెన్షియల్‌కి ఒక బలహీనత ఉంది. రెండు చక్రాలకీ సమానంగానే బలం ఇస్తుంది. గాలిలో ఉన్న చక్రం ఏ అడ్డూ లేకుండా తిరిగిపోతుంటే దానికి పట్టే బలం దాదాపు సున్నా, కాబట్టి నేల మీదున్న దానికీ అంతే అందుతుంది. ఒక చక్రం గిర్రున తిరుగుతుంది, ఇంకోటి బొమ్మలా ఉంటుంది. ఇక్కడ ట్రాక్షన్ కంట్రోల్ గాలిలో ఉన్న చక్రానికి బ్రేక్ వేస్తుంది. దానికి అడ్డు దొరికింది కదా, అదే బలం రెండో చక్రానికీ చేరుతుంది. బండి కదులుతుంది. దీన్నే మారుతీ వాళ్లు జిమ్నీలో బ్రేక్ ఎల్‌ఎస్‌డీ అంటారు, మహీంద్రా వాళ్లు థార్‌లో బీఎల్‌డీ అంటారు. పేర్లు వేరైనా చేసే పని ఇదే.

కొత్తవాళ్లు చేసే పొరపాటు ఒకటుంది. బ్రేక్ పట్టే ఆ టకటక చప్పుడు, చక్రం తిరిగే రొద వినగానే భయపడి పెడల్ మీంచి కాలు తీసేస్తారు. అప్పుడు సిస్టమ్ కూడా పని ఆపేస్తుంది. ఫోర్ లోలో (నాలుగు చక్రాలకీ బలం ఇస్తూ మెల్లగా, గట్టిగా లాగే గేరు) పెట్టి, సన్నగా రేస్ ఇస్తూ రెండు మూడు సెకన్లు అలాగే పట్టుకోండి. సిస్టమ్‌కి పట్టుకునే టైమ్ ఇవ్వాలి. ఎక్కువ రేస్ ఇస్తే ఉపయోగం లేదు. అలా ఒకే చోట నిమిషాల తరబడి చేయించినా బ్రేకులు వేడెక్కి, సిస్టమ్ తనంతట తానే కాసేపు సెలవు తీసుకుంటుంది. దిగి, ఒక రాయి చక్రం కింద సర్దితే పోయేదానికి బ్రేకులు కాల్చుకోవడం ఎందుకు?

ఆ కటికి దారిలో తిరిగే పాత జీపుల్లో ఇవేవీ లేవు. ఒక డ్రైవర్‌ని అడిగితే, "బ్రేకు మీద కాస్త కాలు ఆనించి రేస్ ఇస్తాం సార్" అన్నాడు. నాలుగు చక్రాలకీ కొద్దిగా అడ్డు పెట్టి, ఖాళీగా తిరిగే దాన్ని లొంగదీసే పాత చిట్కా అది. కంప్యూటర్ ఇప్పుడు ఒక్క చక్రానికి చేసేది ఆయన కాలితో నాలుగింటికీ చేస్తున్నాడు.

ఫోర్ లోలో వేస్తే ట్రాక్షన్ కంట్రోల్ దానంతటదే ఆగిపోతుందంటారు. నిజమా?

చాలా బళ్లలో సగం నిజం, మంచి సగం. జిమ్నీలో ఫోర్ లో వేస్తే పవర్ కోసే పని, ఈఎస్‌పీ పని ఆగుతాయి. బ్రేక్ ఎల్‌ఎస్‌డీ, ఏబీఎస్ మాత్రం ఉంటాయి. ఫార్చ్యూనర్ ఫోర్ బై ఫోర్‌లోనూ అంతే, లో రేంజ్‌లో మామూలు ట్రాక్షన్ కంట్రోల్ పోయి మట్టి దారికి పనికొచ్చే ఏ-టీఆర్‌సీ వస్తుంది. అంటే చుట్టాన్ని ఉంచి శత్రువుని పంపించారన్నమాట. డాష్‌బోర్డు మీద ఈఎస్‌పీ ఆఫ్ అని లైటు చూసి బండి పాడైందని టెన్షన్ పడకండి. థార్ రాక్స్ లాంటి బళ్లలో ఇసుక, బురద, మంచు అని మోడ్‌లు కూడా ఇచ్చారు. మోడ్ ఉంటే బటన్‌తో కుస్తీ పట్టక్కర్లేదు, మోడ్ పెట్టుకోండి.

మీ బండిలో ఏది ఆగుతుందో, ఏది ఉంటుందో గ్లవ్ బాక్సులో పడున్న ఆ పుస్తకంలో ఉంటుంది. కవర్ కూడా చింపని పుస్తకాలు ఎన్ని చూశానో.

నా థార్‌లో లాకింగ్ డిఫరెన్షియల్ ఉంది. దానికీ ఈ బటన్‌కీ ఏమైనా సంబంధం ఉందా?

ఉంది. థార్ కొన్ని రకాల్లో వెనక వచ్చే మెకానికల్ లాకింగ్ డిఫరెన్షియల్ తనంతట తానే పడుతుంది. వెనక రెండు చక్రాల వేగంలో బాగా తేడా వస్తేనే అది లాక్ అవుతుంది. ట్రాక్షన్ కంట్రోల్ ఆ తేడా రాకముందే ఖాళీ చక్రాన్ని బ్రేక్‌తో పట్టేస్తే లాక్‌కి పనే దొరకదు. కాబట్టి వెనక చక్రం లేచి, బండి మూలుగుతూ కదలకపోతే ఈఎస్‌పీ ఆపి చూడండి. చిన్న చప్పుడుతో లాక్ పడి బండి ముందుకు లాగుతుంది.

గూర్ఖా లాంటి బళ్లలో ముందూ వెనకా మనమే వేసుకునే లాకర్లుంటాయి. లాక్ వేశాక రెండు చక్రాలూ ఒకటిగా తిరుగుతాయి కాబట్టి, చాలా బళ్లలో ఆ సమయంలో ఏబీఎస్ కూడా పక్కకి తప్పుకుంటుంది. లాక్‌తో గట్టి నేల మీద మలుపు తిప్పకండి, యాక్సిల్ మీద భారం పడుతుంది.

మట్టిలో ఏబీఎస్ ఉంటే బండి లేటుగా ఆగుతుందట కదా?

నిజమే. వదులు కంకర, ఇసుక, దుమ్ము మీద చక్రం బిగుసుకుపోతే అది ముందున్న మట్టిని కుప్పగా పోగేసుకుంటుంది. ఆ కుప్పే బండికి అడ్డుకట్టలా పనిచేస్తుంది. ఏబీఎస్ చక్రాన్ని బిగుసుకోనివ్వదు, అందుకే ఆ కుప్ప తయారవ్వదు, బండి ఇంకొంచెం ముందుకెళ్లి ఆగుతుంది. దిగుడులో ఇది బాగా తెలుస్తుంది. బ్రేక్ తొక్కుతున్నా పెడల్ గడగడలాడుతూ బండి పోతూనే ఉంటే గుండె గొంతులోకొస్తుంది.

అయినా కారులో ఏబీఎస్ ఆపమని చెప్పను. కుప్ప పోగేసుకుని ఆగడం తిన్నగా పోతున్నప్పుడు మాత్రమే లాభం. ముందు చక్రాలు బిగుసుకుపోయాక స్టీరింగ్ ఎటు తిప్పినా ఒకటే, బండి తన ఇష్టం వచ్చినట్టు పోతుంది. పక్కన లోయ ఉన్న దారిలో నాలుగు అడుగులు ముందు ఆగడం కన్నా తిప్పగలగడం ముఖ్యం. పైగా మన మట్టి దారి ఒకే తీరున ఉండదు. పది మీటర్లు కంకర, ఆ తర్వాత తడి బండరాయి, మళ్లీ బురద. తడి బండ మీద బిగుసుకున్న చక్రానికి కుప్పా లేదు, పట్టూ లేదు.

లేటుగా ఆగుతుందని తెలిస్తే చెయ్యాల్సింది వేగం తగ్గించడం. ఫోర్ లో, మొదటి గేరు వేసి, రేస్ వదిలేసి ఇంజన్ పట్టు మీదే (ఇంజన్ బ్రేక్) దిగితే బ్రేక్ పెడల్‌తో పెద్దగా పని పడదు, ఏబీఎస్ నిద్ర లేవాల్సిన అవసరమూ రాదు. మరీ నడక వేగంలో ఏబీఎస్ ఎలాగూ పని చెయ్యదు.

ఏబీఎస్‌కి బటన్ లేదు. ఫ్యూజ్ పీకేస్తే సరిపోదా?

వద్దు. 2019 ఏప్రిల్ నుంచి కొత్త కార్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి, కంపెనీలు బటన్ ఇవ్వకపోవడానికి కారణాలున్నాయి. ఫ్యూజ్ పీకితే ఏబీఎస్ ఒక్కటే పోదు. ముందు చక్రాలకి ఎంత, వెనక చక్రాలకి ఎంత బ్రేక్ అని పంచే ఈబీడీ కూడా అదే పెట్టెలో ఉంది. అది పోతే వెనక చక్రాలు ముందుగా బిగుసుకుని బండి గిర్రున తిరగొచ్చు. ట్రాక్షన్ కంట్రోల్, ఈఎస్‌పీ, ఎత్తులో బండి వెనక్కి జారకుండా పట్టే హిల్ హోల్డ్ అన్నీ వెంట పోతాయి. అంటే రాళ్ల మీద మనకి చుట్టం అనుకున్నదాన్ని కూడా గెంటేసినట్టే.

నిటారు దిగుడులో హిల్ డిసెంట్ కంట్రోల్ నమ్మొచ్చా?

నమ్మొచ్చు, మొదటి గేరుతో కలిపి. అది కూడా ఆ పెట్టెతోనే ఒక్కో చక్రానికి విడివిడిగా బ్రేక్ వేస్తూ దింపుతుంది, మన కాలికి అది సాధ్యం కాదు. గరగరమని చప్పుడొస్తుంది, కంగారు పడొద్దు. బ్రేక్ మీద కాలు పెట్టకుండా, స్టీరింగ్ తిన్నగా పట్టుకుని కూర్చోవడం మొదట్లో చాలా కష్టం. మా ఇంటావిడ పక్క సీట్లో నుంచి నా బదులు ఖాళీ నేలని తొక్కుతూ ఉంటుంది.

బండి పక్కకి జారడం మొదలైతే బ్రేక్ వదిలి, జారుతున్న వైపుకే స్టీరింగ్ తిప్పి, చిటికెడు రేస్ ఇవ్వండి. చక్రాలు తిరిగితేనే దిశ దొరుకుతుంది. ఖాళీ మైదానంలో చిన్న వాలు మీద సాధన చెయ్యనిదే ఇది అవసరానికి రాదు.

అరకు, పాడేరు ఘాట్ రోడ్డులో వాన పడుతుంటే?

ఏదీ ఆపకండి. అది తారు రోడ్డు. అక్కడ మలుపులో పొగమంచు ఉంటుంది, లారీల డీజిల్ చుక్కలుంటాయి, తడిసిన ఆకులుంటాయి. ఈ సిస్టమ్‌లు పుట్టిందే అలాంటి చోటు కోసం.

పైన మట్టి దారిలో ఆపి, కిందికొచ్చాక ఆన్ చెయ్యడం మర్చిపోవడమే అసలు ప్రమాదం. నాకూ జరిగింది. తోటల బాటలోంచి బయటికొచ్చి ఇంజన్ ఆపకుండానే తారెక్కాను. ఎస్.కోట వైపు దిగుతుంటే సన్నటి తుంపర. ఒక ట్రాక్టర్‌ని దాటబోయి రేస్ ఇచ్చేసరికి బండి వెనక భాగం పక్కకి వచ్చేసింది. ఎదురుగా ఎవరూ లేరు కాబట్టి ఇది రాస్తున్నాను. ఇప్పుడు మట్టి దారి దాటగానే బండి ఆపి, టైర్లకి గాలి కొట్టి, ఇంజన్ ఒకసారి ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తాను. చాలా బళ్లలో ఇంజన్ మళ్లీ స్టార్ట్ చేస్తే అన్నీ వాటంతటవే ఆన్ అవుతాయి.

బటన్ ఎలా నొక్కాలి? నొక్కినా మళ్లీ ఆన్ అయిపోతోంది.

జారుతున్న కారు బొమ్మ, కింద ఆఫ్ అని ఉన్న బటన్ అది. కొన్ని బళ్లలో ఒకసారి తట్టితే ట్రాక్షన్ కంట్రోల్ మాత్రం ఆగుతుంది, కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుంటే ఈఎస్‌పీ కూడా ఆగుతుంది. బండి నిలబెట్టి నొక్కండి. కొన్నింటిలో వేగం ఒక హద్దు దాటగానే సిస్టమ్ తనంతట తానే తిరిగి వచ్చేస్తుంది, అది లోపం కాదు.

నాది మామూలు హ్యాచ్‌బ్యాక్. నాకెందుకు ఇవన్నీ?

లంబసింగి వైపు వెళ్లి, వాన తర్వాత ఏ గడ్డి మైదానంలోనో కారు పార్క్ చేసి చూడండి, అప్పుడు తెలుస్తుంది. ముందు చక్రం ఒకటి తడి గడ్డిలో తిరుగుతుంటే మొదట ట్రాక్షన్ కంట్రోల్ ఉంచే రెండో గేరులో మెల్లగా ప్రయత్నించండి. ఇంజన్ గొంతు దిగిపోతుంటే అప్పుడు ఆపండి. ముందుకి, వెనక్కి ఊపుతూ, కారులో కాళ్ల కింద వేసుకునే పట్టాలు చక్రాల కింద పరిస్తే చాలాసార్లు వచ్చేస్తుంది. పట్టాలు మళ్లీ కారులో వేసుకునే ముందు ఒకసారి ఇంట్లోవాళ్లని అడగండి.

బైకు మీద వంజంగి వెళ్తున్నాం. ఏబీఎస్ ఆపాలా?

బైకుకి లెక్క వేరు. ముందు చక్రం బిగుసుకుంటే మనిషి కింద ఉంటాడు, అంతే. వెనక చక్రం బిగుసుకుంటే బండి తోక ఊపుతుంది, అలవాటైనవాళ్లు దాన్ని సర్దుకుంటారు. మట్టి దిగుడులో వెనక బ్రేక్‌కి ఏబీఎస్ ఉంటే బ్రేకే లేనట్టు అనిపిస్తుంది. కాబట్టి వెనకది ఆపి, ముందుది ఉంచడం సరైన పద్ధతి.

కంపెనీలు కూడా అదే దారిలో వెళ్లాయి. రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్‌లో వెనక ఏబీఎస్ ఆపుకునే వీలుంది. ఎక్స్‌పల్స్ 200 ఫోర్ వీలో ఏబీఎస్ ముందు చక్రానికే, వెనకది ఎప్పుడూ స్వేచ్ఛగానే ఉంటుంది. 2023 నుంచి దాంట్లో రోడ్, ఆఫ్-రోడ్, ర్యాలీ అని మోడ్‌లు వచ్చాయి. ర్యాలీలో పెడితే ఏబీఎస్ పూర్తిగా పోతుంది. అది పోటీల్లో నడిపేవాళ్ల కోసం, వెనక స్నేహితుడిని ఎక్కించుకుని తెల్లవారుజామున మేఘాలు చూడ్డానికి పోయే మన కోసం కాదు.

ఒకసారి తాళం తీస్తే సాధారణంగా సెట్టింగ్ మొదటికొస్తుంది. టీకి ఆగి బయలుదేరినప్పుడు మళ్లీ చూసుకోండి.

రుషికొండ బీచ్‌లోనో, ఎర్రమట్టి దిబ్బల్లోనో ప్రాక్టీస్ చెయ్యొచ్చా?

చెయ్యకూడదు. మన తీరం ఇసుకలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడతాయి. వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్న జీవులవి. ఒక టైరు కింద గూడు మొత్తం పోతుంది. ఎర్రమట్టి దిబ్బలు వేల ఏళ్లుగా గాలీ నీరూ కలిసి పేర్చిన జాతీయ భూవారసత్వం, ఒక్క టైరు గాడిలో వాన నీళ్లు పట్టి అది వాగు అయిపోతుంది. కంబాలకొండ అభయారణ్యం సంగతి చెప్పనే అక్కర్లేదు.

తెలిసినవాళ్ల సరుగుడు తోట, కోత అయిపోయిన పొలం బాట, అడిగి వెళ్లండి. ఏజెన్సీలో ఊరి మధ్య నుంచి పోయే బాట అయితే నడక వేగంలో పోవాలి, అది వాళ్ల ఇంటి వాకిలి.

గెడ్డ (వాగు) దాటాక బ్రేక్ పట్టడం లేదు. ఏబీఎస్ పాడైందా?

చాలావరకు బ్రేకులు తడిసి ఉంటాయి. ఒడ్డెక్కగానే మెల్లగా పోతూ నాలుగైదుసార్లు బ్రేక్ తేలిగ్గా నొక్కండి, ఆరిపోతుంది. గెడ్డలో నీళ్లు ఎంత లోతున్నాయో ముందు దిగి కర్రతో చూడండి. పైన కొండల్లో వాన పడితే మీ దగ్గర ఎండ కాస్తున్నా నీళ్లు పెరుగుతాయి.

ఇంటికొచ్చాక ఏబీఎస్ లైటు ఆరడం లేదు. ఏం చెయ్యాలి?

మొదట పసుపు లైటు ఒక్కటేనా, దాంతో పాటు ఎర్రటి బ్రేక్ లైటు కూడా వెలుగుతోందా చూడండి. పసుపు ఒక్కటే అయితే మామూలు బ్రేక్ పనిచేస్తుంది, ఏబీఎస్ మాత్రం లేదనుకుని మెల్లగా నడపండి. రెండూ వెలుగుతుంటే బ్రేక్ ఆయిల్ తగ్గి ఉండొచ్చు, ఈబీడీ కూడా పోయి ఉండొచ్చు. బండి కదపకండి, మెకానిక్‌నే పిలిపించండి.

మట్టి దారి నుంచి వచ్చిన బండికి పసుపు లైటు వెలిగితే పదికి ఏడెనిమిదిసార్లు కారణం చిన్నదే అని నా అనుభవం. చక్రం వెనక సెన్సర్ దగ్గర ఎర్రమట్టి గట్టిగా పట్టేసి ఉంటుంది, లేదా దాని సన్నటి వైరు ఏ తుప్పకో తగులుకుని తెగి ఉంటుంది. ముందు నీళ్ల పైపుతో నాలుగు చక్రాల లోపలి వైపు నిదానంగా కడగండి. వాటర్ సర్వీస్ దగ్గరికి తీసుకెళ్తే ఆ ప్రెషర్ గన్‌ని వైర్ల మీదికి దగ్గరగా పెట్టనివ్వకండి. కడిగి, ఆరాక ఒక కిలోమీటరు నడిపితే చాలాసార్లు లైటు ఆరిపోతుంది. ఆరకపోతే స్కానర్ పెడితే ఏ చక్రమో చెప్పేస్తుంది. నాకు ఒకసారి సెన్సర్ మార్చాలని పెద్ద బిల్లు రాశారు. వేరే షెడ్డులో చూపిస్తే, కనెక్టర్‌లో ఇరుక్కున్న మట్టి తుడిచి పెట్టి, టీ డబ్బులు అడిగాడు.